ఫ్రీజర్‌లో పెట్టిన శాంపిల్, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్: కొన్ని అపోహలు, వాస్తవాలు

"శాంపిల్‌ని మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోనే ఉంచాం మేడం, ఒక్కసారి కూడా కరగనివ్వలేదు." ఈ మాట చెప్పేటప్పుడు రీసెర్చ్ స్కాలర్ల మొహంలో కాస్త గర్వం కనిపిస్తుంది, అందుకే అసలు సంగతి చెప్పడానికి నాకు నోరు రాదు. కానీ చెప్పక తప్పదు. మా ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ల్యాబ్‌కి వచ్చే శాంపిళ్లలో పనికిరాకుండా పోయేవాటిని చూస్తే, ఎక్కువసార్లు కారణం ఇలా ఫ్రీజ్ చేయడమే.

ఫ్రీజర్‌లో ఉంటే శాంపిల్ భద్రం అన్నది ఆర్‌ఎన్‌ఏ తీయడానికీ, వెస్టర్న్ బ్లాట్‌కీ (ప్రోటీన్లని గుర్తించే పరీక్ష) నిజమే. అక్కడ అణువులు చెడిపోకుండా ఉంటే చాలు, కణంలో ఏది ఎక్కడుందో ఎవరికీ అక్కర్లేదు. టీఈఎంలో, అంటే పలచటి ముక్క గుండా ఎలక్ట్రాన్లని పంపి చూసే మైక్రోస్కోప్‌లో, మేం చూసేదే ఏది ఎక్కడుందో. కణంలో ఎక్కువ భాగం నీళ్లు, ఫ్రీజర్‌లో అవి మెల్లగా చల్లబడుతూ మంచు స్ఫటికాలుగా పెరుగుతాయి, పెరుగుతూ పొరల్ని చీలుస్తాయి, చుట్టూ ఉన్న ప్రోటీన్లని పక్కకి నెట్టేస్తాయి. ఆ తర్వాత ఎంత శ్రద్ధగా ఫిక్స్ చేసినా (కణాల్ని రసాయనంతో ఉన్నచోటే నిలిపేసినా), ఎంత మంచి డైమండ్ నైఫ్‌తో 70 నానోమీటర్ల సెక్షన్లు (పలచటి పొరలు) కోసినా, తెర మీద కనిపించేది ఆ స్ఫటికాలు వదిలిన ఖాళీలే. మైటోకాండ్రియా లోపలి మడతలు చూద్దామని వచ్చినవాళ్లకి చిల్లులు చూపించి పంపాలి. ఇంకా ఘోరం, కొందరు ఆ చిల్లులకే 'వాక్యూలేషన్' (కణంలో బుడగలు ఏర్పడటం) అని పేరు పెట్టి, తాము ఇచ్చిన మందు ప్రభావమని థీసిస్‌లో రాసేస్తారు. మందు ఇవ్వని కంట్రోల్ ఎలుకలోనూ అవే ఉన్నాయి కదమ్మా అంటే జవాబు ఉండదు.

వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది: "మరి క్రయో-ఈఎంలో గడ్డకట్టించే కదా చూస్తారు, దానికి నోబెల్ కూడా ఇచ్చారు?" ఇచ్చారు, 2017లో, డుబోషే, ఫ్రాంక్, హెండర్సన్ ముగ్గురికీ. అందులో డుబోషే సాధించిందేమిటంటే స్ఫటికాలు పుట్టే వ్యవధి ఇవ్వకుండా నీటిని గాజులా బిగించేయడం. సెకనుకు పది వేల డిగ్రీలకు పైగా వేగంతో చల్లబరిస్తేనే అది కుదురుతుంది. గ్రిడ్ (శాంపిల్ పెట్టే చిన్న లోహపు జాలీ) మీద ఉన్న పలచటి నీటి పొరని ద్రవ ఈథేన్‌లో ముంచుతారు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్ పక్కనే ఉండగా ఈథేన్ ఎందుకంటారా? బాగా కాలిన దోసె పెనం మీద నీళ్లు చల్లితే బొట్లు అంటుకోకుండా ఆవిరి మీద దొర్లుతుంటాయి కదా, నైట్రోజన్‌లో ముక్క పడినప్పుడు కూడా అంతే, చుట్టూ మరిగి ఆవిరి పొర కడుతుంది, ఆ పొర వల్ల లోపలి వేడి త్వరగా బయటికి పోదు, ముక్క మనం అనుకున్నంత వేగంగా చల్లబడదు. ఈథేన్ అలా మరగదు. అదైనా కొన్ని మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మందం వరకే. సుమారు 2,000 బార్ ఒత్తిడితో పనిచేసే హై ప్రెషర్ ఫ్రీజింగ్ యంత్రం ఉన్నా 200 మైక్రాన్ల దగ్గర ఆగిపోతాం. మీరు తెచ్చేదేమో అర సెంటీమీటరు కాలేయం ముక్క. "ఎల్ఎన్2లో (ద్రవ నైట్రోజన్‌లో) ముంచితే చాలు, క్రయో అయిపోతుంది" అని వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతున్న మహానుభావులెవరో గానీ, ఒక్కసారి వచ్చి మా సెక్షన్లు చూసి వెళ్తే బాగుండు.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. డిసెక్షన్ చేసిన బల్ల మీదే, నిమిషాల్లో, బఫర్‌లో కలిపిన 2.5 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో వేయాలి. ముక్క 1 మిల్లీమీటరు దాటకూడదు, ఎందుకంటే ఈ ఫిక్సేటివ్ లోపలికి ఇంకడం చాలా నెమ్మది, పెద్ద ముక్క వేస్తే బయట బాగుండి మధ్యలో కుళ్లుతుంది. తర్వాత 4 డిగ్రీల ఫ్రిజ్. ఫిక్స్ చేశాక కూడా గడ్డకట్టనివ్వకండి. డిసెక్షన్ రోజు కంటే ముందే మాకో ఫోన్ చేయండి, అడిగినందుకు ఎవరూ కొట్టరు.

రాయలసీమ నుంచి ఒకమ్మాయి రాత్రి బస్సులో థర్మాకోల్ డబ్బా ఒళ్లో పెట్టుకుని వచ్చింది, డబ్బా నిండా డ్రై ఐస్. (మూసిన ఏసీ బస్సులో డ్రై ఐస్, అది ఇంకో ప్రమాదం.) ఫ్రీజ్ చేయమని గైడ్ చెప్పారట. వట్టి మాటగా చెబితే నమ్మదని ఒక ముక్క ప్రాసెస్ చేసి చూపించాను. ఏడ్చేసింది. మళ్లీ ఎలుకలంటే మళ్లీ ఎథిక్స్ కమిటీ, మళ్లీ నెలలు, ఫెలోషిప్ గడువేమో ఆగదు. మిగతా ముక్కలు పారేయొద్దని, వాటితో వెస్టర్న్, ఆర్‌టీ-పీసీఆర్ నిశ్చింతగా చేసుకోవచ్చని చెప్పి పంపాను, ఆ డేటా తర్వాత థీసిస్‌లో బాగానే పనికొచ్చింది. టీఈఎంకి కొత్త బ్యాచ్ నుంచి సరిగ్గా ఫిక్స్ చేసినవి పంపింది.

కిడ్నీ బయాప్సీ సీసాలు పట్టుకుని వచ్చే ఇంటివాళ్ల టెన్షన్ వేరు. "ఈఎం రాశారంటే క్యాన్సరా అమ్మా?" అని అడుగుతారు. కాదండీ. రక్తాన్ని వడకట్టే పొర ఎలా ఉందో చూడటానికి రాస్తారు. పిల్లల్లో వచ్చే మినిమల్ చేంజ్ డిసీజ్‌లో మామూలు మైక్రోస్కోప్‌కి అంతా బాగానే ఉన్నట్టుంటుంది, పోడోసైట్ల (ఆ వడపోత పొరని అంటిపెట్టుకుని ఉండే కణాలు) పాదాలు చదునైపోయిన సంగతి ఈఎంలోనే తెలుస్తుంది, వాళ్లలో చాలామందికి స్టెరాయిడ్లతో తగ్గుతుంది కూడా. రిపోర్టు ఆలస్యమైతే ఏదో దాస్తున్నారని కంగారు పడొద్దు, ముక్కని ద్రవ రెజిన్ (ప్లాస్టిక్ లాంటిది)లో ఉంచి అది గట్టిపడ్డాక కోయాలి కాబట్టి రోజులు పడుతుంది. ముక్క పొరపాటున ఫార్మలిన్‌లో పడినా చాలావరకు చూడగలం, నాణ్యత కాస్త తగ్గుతుంది.

మాగ్నిఫికేషన్ పెంచితే ఇంకా వివరాలు కనిపిస్తాయా? రిజల్యూషన్ లేకుండా పెంచితే మసకే పెద్దదవుతుంది. లక్ష రెట్లకి పెట్టమని పట్టుబట్టకండి. రంగులా? ఎలక్ట్రాన్లకి రంగు ఉండదు, చిత్రం నలుపు తెలుపే. 2020లో పుణె ఎన్‌ఐవీ (జాతీయ వైరాలజీ సంస్థ) విడుదల చేసిన కరోనా వైరస్ చిత్రం అలాగే ఉంది. అందరూ చూసిన ఎర్ర ముళ్ల బంతి అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీవాళ్లు వేయించిన బొమ్మ, ఫోటోయే కాదు. ఎస్‌ఈఎం (ఉపరితలాన్ని చూసే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) శాంపిల్ మీద వేసే బంగారం కొన్ని నానోమీటర్ల పూత, గీకితే ఏమీ రాదు, అడగొద్దు.

ఇక రేడియేషన్. 200 కిలోవోల్టుల టీఈఎంలో ఎక్స్‌రేలు పుడతాయి, నిజమే, కానీ కాలమ్ చుట్టూ సీసం ఉంది, చూసే అద్దం కూడా సీసం గాజే, క్రమం తప్పకుండా సర్వే మీటర్‌తో కొలుస్తాం. పిల్లలు పుట్టరనీ జుట్టు రాలుతుందనీ చెప్పేవన్నీ పుకార్లు. భయపడాల్సింది పక్క గదిలో ఉంది: శాంపిళ్లని ఫిక్స్ చేయడానికి వాడే ఆస్మియం టెట్రాక్సైడ్. దాని ఆవిరి కళ్లకీ ఊపిరితిత్తులకీ ప్రమాదం, ఫ్యూమ్ హుడ్ బయట సీసా మూత తీయడానికి వీల్లేదు. మెషీన్ గదిలోకి రావడానికి వణికే పిల్లలే ఒట్టి చేతులతో ఆ సీసా పట్టుకోవడం చూశాను. గర్భంతో ఉన్నవాళ్లు, లేదా ఆ ఆలోచనలో ఉన్నవాళ్లు ఆస్మియం, యురానిల్ ఎసిటేట్ (యురేనియం ఉన్న స్టెయిన్) స్టెప్పులు మా టెక్నీషియన్‌కి వదిలేయండి. కారణం చెప్పక్కర్లేదు, చేయించి పెట్టమంటే చాలు.