అడవి పంది కూర: బావకి కంపు, బావమరిదికి అమృతం

పలాస, మందస వైపు ఊళ్లలో నలుగురు పెద్దవాళ్లు కూర్చుని పాత వేట కబుర్లు మొదలెట్టారంటే కాసేపటికే రెండు పార్టీలు తయారవుతాయి. "అడివి పంది ముందల మీ బ్రాయిలర్లు ఏపాటివి బావా? ఆ రుచే వేరు" అంటాడు బావమరిది. "ఏటి రుచిరా? ఆ కంపుకి మీ అప్ప వారం దాకా తపేలాని వంటింట్లోకి రానిచ్చింది కాదు" అంటాడు బావ. ఇద్దరూ తిన్నది ఒకే పందిని, ఒకే పొయ్యి మీద వండిన కూరని. వినేవాళ్లకి ఎవరో ఒకరు కోతలు కోస్తున్నారనిపిస్తుంది. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు.

ఇవి పాత ముచ్చట్లని ఎందుకన్నానంటే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పంది, దుప్పి, కణుజు, కుందేలు, దేన్ని అనుమతి లేకుండా వేటాడినా నేరమే, మాంసం అమ్మినా కొన్నా నేరమే. చేలో పంది పడి వేరుశనగంతా తవ్విపోసిందన్న కోపంతో కరెంటు తీగలు పెట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ తీగలకి పందులకంటే ముందు మనుషులు పోయిన సందర్భాలున్నాయి. అంచేత ఈ వ్యాసం చదివి ఎవరూ కొండెక్కనక్కర్లేదు. అడవి మాంసం రుచి వెనక పనిచేసే రసాయనాలే సంతలో దొరికే నాటుకోడిలోనూ, ముదురు మేకపోతులోనూ పనిచేస్తాయి. కాబట్టి ఈ తగువు తీర్చుకోవడం వంటింటికీ పనికొస్తుంది.

ముందు కంపు సంగతి. పంది మాంసంలో జనం గొడవపడే వాసనకి ప్రధానంగా రెండు పదార్థాలు కారణం. ఒకటి స్కటోల్. మాంసకృత్తుల్లో ఉండే ట్రిప్టోఫాన్‌ని పేగుల్లోని బ్యాక్టీరియా విరగ్గొట్టినప్పుడు పుడుతుంది. ఇది పేడ వాసన, దాదాపు అందరి ముక్కుకీ తెలుస్తుంది. దీని దగ్గరి చుట్టం ఇండోల్ మన మల్లెపూల పరిమళంలోనే ఉంది, అది వేరే కథ. రెండోది ఆండ్రోస్టెనోన్. ఈడొచ్చిన మగ పంది వృషణాల్లో తయారై కొవ్వులో చేరుతుంది. పెంపకంలో మగ పిల్లలకి చిన్నప్పుడే విత్తులు తీసేయడానికి ఒక ముఖ్య కారణం ఇదే. అడవిలో ఆ పని చేసేవాడు లేడు.

ఈ ఆండ్రోస్టెనోన్ దగ్గరే బావా బావమరుదుల దారులు విడిపోతాయి. కొందరికి ఇది నిలవ ఉన్న మూత్రం కంపు. కొందరికి తియ్యటి వాసన, ఇంచుమించు వెనిల్లా. ఇంకొందరికి అసలు ఏ వాసనా తెలియదు. 2007లో అమెరికా శాస్త్రవేత్తలు దీనికి కారణమైన జన్యువుల్లో ఒకదాన్ని పట్టుకున్నారు. దాని పేరు ఓఆర్7డీ4. ముక్కులో ఈ వాసనని అందుకునే గ్రాహకాన్ని తయారుచేసేది ఇదే. అందులో రెండు చోట్ల చిన్న తేడా ఉంటే చాలు, అదే వాసన ఒకరికి భరించరానిదిగా, మరొకరికి పట్టించుకోనక్కర్లేనిదిగా తోస్తుంది. 2012లో నార్వేలో కొద్దిమందికి ఈ పదార్థం కలిపిన పంది మాంసం వండిపెట్టి చూశారు. సున్నితమైన రకం జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చినవాళ్లే ఎక్కువగా మొహం చిట్లించారు. ఆ పరీక్షలో కూర్చున్నవాళ్లు తక్కువ కాబట్టి లెక్కలు పక్కనపెట్టినా, దిక్కు మాత్రం స్పష్టంగానే ఉంది. "అలవాటైతే ఏ వాసనా తెలీదు" అంటుంటాం గానీ, ఈ పదార్థం విషయంలో అది ఎదురు తిరగొచ్చు కూడా. మొదట వాసన తెలియని కొందరికి వారాల తరబడి దాన్ని వాసన చూపిస్తే తెలియడం మొదలైందని 1989లోనే ఒక ప్రయోగం తేల్చింది.

వండే మనిషికీ తినే మనిషికీ కూడా తేడా ఉంటుంది. ఆండ్రోస్టెనోన్ కొవ్వులో కరిగి ఉంటుంది, వేడికి పైకి లేస్తుంది. తపేలా మూత తీసేటప్పుడు మొహానికి కొట్టినంత ఘాటుగా, చల్లారిన ముక్క కొరికినప్పుడు ఉండదు. తగువులో పొయ్యి దగ్గర నిలబడిన ఆడవాళ్ల మాట ఎవరూ అడగలేదు గానీ, అసలు సాక్షులు వాళ్లే.

పైగా అన్ని పందులూ ఒకటి కాదు. ఆడ పందిలో ఆండ్రోస్టెనోన్ గొడవే ఉండదు. మేత కూడా ముఖ్యమే. పంది పొట్ట మన పొట్ట లాంటిదే, ఒకటే అర. తిన్న కొవ్వు పెద్దగా మారకుండానే ఒంటికి పడుతుంది. వేరుశనగ చేలమీద బతికిన పంది కొవ్వు మెత్తగా ఉంటుంది, దుంపలూ వేళ్లూ తవ్వుకు తిన్నదాని కొవ్వు వేరేగా ఉంటుంది. నెమరువేసే జంతువుల సంగతి వేరు. వాటి పొట్టలోని సూక్ష్మజీవులు మేతలోని కొవ్వుని గట్టి కొవ్వుగా మార్చేస్తాయి. దుప్పి, కణుజు లాంటి వాటి కొవ్వు కూర చల్లారేసరికి నాలుక మీద మైనంలా పేరుకోవడానికి కారణం అదే. మేకపోతు వాసన మరో రకం. దాని కొవ్వులో కొమ్మలున్న కొన్ని చిన్న కొవ్వు ఆమ్లాలుంటాయి, వాటిని మన ముక్కు అతి తక్కువ మోతాదులోనే పసిగడుతుంది.

జంతువు ఎలా చచ్చిందన్నది కూడా గిన్నెలో తెలుస్తుందంటే చాలామంది నమ్మరు. కండరంలో గ్లైకోజన్ అనే పిండిపదార్థం నిలవ ఉంటుంది. ప్రాణం పోయాక అది లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది, కండ పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) సుమారు 7 నుంచి 5.5 దాకా దిగుతుంది. మాంసం లేత రంగులో ఉండటానికీ, త్వరగా పాడవకుండా ఉండటానికీ ఈ పులుపే కాపలా. కుక్కలు తరిమి తరిమి అలసగొట్టిన జంతువులో గ్లైకోజన్ పరుగులోనే ఖర్చయిపోతుంది. ఇక ఆమ్లం తయారయ్యేదేముంది? పీహెచ్ 6కి పైనే ఆగిపోతుంది. ఆ మాంసం నల్లగా, చేతికి జిగురుగా తగులుతుంది. రుచి చప్పబడుతుంది, బ్యాక్టీరియా తొందరగా పడుతుంది. ఒక్క దెబ్బకి పడిన జంతువు మాంసం ఇలా ఉండదు. చల్లటి దేశాల్లో వేట మాంసాన్ని రోజుల తరబడి వేలాడదీస్తారు, ఆ చలిలో కండలోని ఎంజైములే దాన్ని మెత్తబరుస్తాయి. మన వేసవిలో ఆ పని చేస్తే మర్నాటికి కుక్కలకి వేయాల్సిందే. మనవాళ్లు వెంటనే ఉప్పూ పసుపూ రాసి వండటమో, సన్నగా కోసి ఎండబెట్టడమో చేసింది అందుకే.

మెత్తదనం దగ్గర మళ్లీ తగువు. "ఎంత ఉడికించినా రబ్బరే" అని ఒకరు, "నోట్లో పెట్టగానే విడిపోయింది" అని ఒకరు. తిరిగే జంతువు, వయసు మళ్లిన జంతువు కండల చుట్టూ ఉండే కొలాజెన్ పోగులు ఒకదానికొకటి గట్టిగా ముడిపడి ఉంటాయి. వేడి 60, 65 డిగ్రీలు చేరేసరికి ఇవి ముడుచుకుని కండలోని నీటిని పిండేస్తాయి. అప్పుడు ముక్క పచ్చిదానికంటే గట్టిగా ఉంటుంది. అక్కడ దించేసినవాడికి రబ్బరే దక్కుతుంది. 70 దాటాక అదే కొలాజెన్ నెమ్మదిగా, గంటల మీద, కరిగి జెలటిన్ అవుతుంది. పులుసుకి చిక్కదనం ఇచ్చేది అదే. ప్రెజర్ కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది కాబట్టి ఈ పని త్వరగా అవుతుంది. చింతపండు పులుపు, పచ్చి బొప్పాయి ముక్క కూడా తమ వంతు సాయం చేస్తాయి. వెన్ను పక్క కండలో మాత్రం కొలాజెన్ తక్కువ, అడవి జంతువైతే కొవ్వూ తక్కువ. దాన్ని తొడ ముక్కతో కలిపి రెండు గంటలు ఉడికిస్తే పీచు మిగులుతుంది. అన్నీ ఒకే తపేలాలో వేసే మన పద్ధతిలో ఎవరి కంచంలో ఏ ముక్క పడిందన్నదాన్ని బట్టే సగం అభిప్రాయం తయారవుతుంది.

అయితే పంది మాంసాన్ని, ఊరిదైనా సరే, లోపల పచ్చి మిగిలేలా వండకూడదు. ట్రైకినెల్లా అనే నులిపురుగు కండలోనే గూడు కట్టుకుని ఉంటుంది. ముక్క మధ్యలో 71 డిగ్రీలు దాటితే చస్తుంది. ఉప్పు రాసి ఎండబెట్టినంత మాత్రాన చచ్చిందని నమ్మలేం.

చట్టం ఒప్పుకునే దారిలో ఆ "అడవి రుచి"కి దగ్గరగా వెళ్లాలంటే నాటుకోడి ఉంది. మన కొండల్లో తిరిగే ఎర్ర అడవికోడే ప్రపంచంలోని పెంపుడు కోళ్లన్నింటికీ ప్రధాన మూలపురుషుడు. బ్రాయిలర్ ఆరేడు వారాల్లోపే కత్తి కిందకి వస్తుంది, నాటుపుంజు నెలల తరబడి పెరట్లో పరిగెడుతుంది. పని చేసే కండరానికి ఆక్సిజన్ కావాలి, దాన్ని దాచిపెట్టేది ఇనుముండే మయోగ్లోబిన్. నాటుకోడి తొడ ముదురు రంగూ, ఆ కాస్త ఇనుప రుచీ దాని వల్లే. అడవి కుందేలు మాంసం ఎర్రగా, బోనులో పెంచిన కుందేలు మాంసం తెల్లగా ఉండటం వెనకా ఇదే లెక్క. కనుమ నాడు మా వైపు ఇళ్లలో ముదురు పుంజునే కోరి కోస్తారు, లేత పెట్టని కాదు. రుచి కావాలంటే వయసు కావాలని వాళ్లకి ఎవరూ పాఠం చెప్పలేదు.

మర్నాటి కూర మీద కూడా ఏకాభిప్రాయం లేదు. రాత్రి మిగిలింది పొద్దున్న చద్దన్నంలోకి ఇంకా బాగుందనేవాళ్లున్నారు, పాచి వాసన అని గిన్నె పక్కకి తోసేవాళ్లున్నారు. ఉడికినప్పుడు మయోగ్లోబిన్‌లోని ఇనుము విడివడి కొవ్వుని ఆక్సీకరణం చేస్తుంది, ఆ పాచి వాసన అక్కడిది. ఎర్ర మాంసంలో ఇనుము ఎక్కువ కాబట్టి ఇబ్బందీ ఎక్కువే. లవంగం, పసుపు, వెల్లుల్లి ఈ ఆక్సీకరణాన్ని నెమ్మదింపజేస్తాయి. మసాలా దట్టించిన పులుసు మర్నాటికి కుదురుకుని, ఉత్త ఉప్పుతో ఉడకబెట్టి ఉంచిన ముక్కలు తెల్లారేసరికి వాసనేసేది ఇందుకే.