ఫ్రిజ్ విప్పే హక్కు ఎవరిది? గ్యాస్ మారినప్పుడు మొదలైన తగాదా

తిరుపతిలో ఎండ నలభై డిగ్రీలు దాటే వారాల్లో ఏటా తలెత్తే తగాదా ఈ వేసవిలోనూ మొదలైంది. చల్లదనం తగ్గిన ఫ్రిజ్‌ను ఇంటివాళ్లే గోడ నుంచి ముందుకు లాగి, మోటారును ఆన్ చేసే రిలేనో, అది వేడెక్కితే ఆపే ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్‌నో, తలుపు రబ్బరునో మార్చుకుంటారు. చేతకానివాళ్లు వీధిలో తెలిసిన మెకానిక్‌ను పిలిపించుకుంటారు. కొన్ని నెలలకు మరేదో లోపం వచ్చి కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేస్తే, వచ్చిన టెక్నీషియన్ వెనక మూత తీసి చూసి, బయటివాళ్ల చేయి పడిన ఫ్రిజ్‌కు వారంటీ వర్తించదని చెప్పి వెళ్లిపోతాడు. దీనికి తోడు, గ్యాస్ కూడా ఇంట్లోనే నింపుకోవచ్చని చూపించే వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. వాటిని చూపించి, ఇంటి రిపేరంటేనే ప్రాణాపాయమని కంపెనీల తరఫువాళ్లు అంటున్నారు. డబ్బు పెట్టి కొన్న వస్తువును విప్పుకునే హక్కు కూడా లేదా అని కొనుగోలుదారులు అడుగుతున్నారు.

మన దేశంలో గోద్రెజ్ తొలి ఫ్రిజ్ తయారుచేసిన 1958 నుంచి, హైదరాబాద్ ఆల్విన్ ఫ్రిజ్‌లు తెలుగువారి ఇళ్లలో కొలువైన కాలం దాకా నడిచిన కథ పాఠకులకు తెలిసినదే కనుక దాన్ని ఇక్కడ తిరిగి చెప్పడం లేదు. నేటి వివాదాన్ని అర్థం చేసుకోవడానికి అవసరమైన మలుపు ఒక్కటే: ఫ్రిజ్ గొట్టాల్లో తిరిగే గ్యాస్ మారడం. ఇంటివారికీ కంపెనీకీ మధ్య ఇప్పుడు కనిపిస్తున్న గోడకు పునాది పడింది అప్పుడే.

పాత ఫ్రిజ్‌లలో వాడిన ఆర్-12 గ్యాస్ మండదు. మామూలు వాడకంలో విషం కాదు, చెప్పుకోదగ్గ వాసనా ఉండదు. వేడిని బయటికి వదిలే గొట్టాల చుట్ట, అంటే కండెన్సర్, వెనక నల్లటి జాలీలా బయటికే కనిపించేది, గొట్టాలు చేతికి అందేవి. మెకానిక్ గొట్టం కోసి, అతికి, గ్యాస్ పట్టి వెళ్లిపోయేవాడు. పొరపాటు జరిగితే పోయేది ఆ గ్యాస్ ఖర్చే. ఇంటి పెద్ద చేసే చిన్న రిపేరుకూ, మెకానిక్ చేసే పెద్ద రిపేరుకూ మధ్య తేడా పనితనంలోనే ఉండేది తప్ప ప్రమాదంలో అంతగా ఉండేది కాదు. అందుకే ఎవరు విప్పాలన్న ప్రశ్న ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు.

ఆర్-12 భూమి మీద నిరపాయకరమే అయినా పైకి చేరి ఓజోన్ పొరను తినేస్తుందని మోలినా, రోలాండ్ అనే శాస్త్రవేత్తలు 1974లో హెచ్చరించారు. ఓజోన్‌ను దెబ్బతీసే ఇలాంటి పదార్థాలను ఆపడానికి 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, 1992లో మన దేశం అందులో చేరింది. 2000లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 2003 నుంచి కొత్త ఫ్రిజ్‌లలో ఈ గ్యాస్ వాడకం ఆగిపోయింది. 2008 ఆగస్టు నుంచి, ఆస్తమా ఇన్‌హేలర్ల వంటి వైద్య అవసరాలకు తప్ప, దాని తయారీ కూడా ఆగింది. ఇదంతా లోకహితం కోసం జరిగిన మంచి పనే. అయితే ఆర్-12 స్థానంలో వచ్చిన రెండు గ్యాసులు మెకానిక్‌ల వృత్తిని, ఇంటివాళ్ల చొరవను ఏ విధంగా తలకిందులు చేశాయన్నది మాత్రం అప్పట్లో ఎవరూ వినియోగదారుడికి విడమరచి చెప్పలేదు.

మొదట వచ్చిన ఆర్-134ఎ మండదు గానీ పాత మినరల్ ఆయిల్‌తో కలవదు. దానికి వాడే పాలియోల్ ఎస్టర్ నూనె గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది కనుక, వాక్యూమ్ పంపుతో వ్యవస్థను పూర్తిగా ఖాళీ చేయకుండా గ్యాస్ పడితే, దాన్ని గొట్టాల్లో తిప్పే కంప్రెసర్ దెబ్బతింటుంది. సొంత వాక్యూమ్ పంపు లేని చిన్న మెకానిక్ ఇక్కడే వెనకబడ్డాడు.

రెండోది ఆర్-600ఎ, అంటే ఐసోబ్యూటేన్. మన వంటగ్యాస్‌లో ఉండే బ్యూటేన్‌కు ఇది తోబుట్టువు. 1990ల తొలి నాళ్లలో పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్ చొరవతో తూర్పు జర్మనీ ప్రాంతపు ఫ్యాక్టరీ ఒకటి ఇలాంటి హైడ్రోకార్బన్ ఫ్రిజ్‌లను బజారులోకి తెచ్చింది. మన దేశంలో ముందుగా గోద్రెజ్ ఆ దారి పట్టింది. భూమిని వేడెక్కించే శక్తిలో ఆర్-134ఎ కార్బన్ డయాక్సైడ్‌కు 1,430 రెట్లు ఉంటే, ఐసోబ్యూటేన్ మూడు రెట్ల దగ్గరే ఆగుతుంది. మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణ ప్రకారం 2028 తర్వాత మన దేశంలో ఆర్-134ఎ జాతి గ్యాసుల వాడకం పెరగడానికి వీల్లేదు, 2032 నుంచి తగ్గించుకుంటూ రావాలి. కాబట్టి ఇళ్లలోకి ఇకపై వచ్చే ఫ్రిజ్‌లలో ఉండేది ఎక్కువగా ఈ మండే గ్యాసే.

దీని ప్రమాదం ఎంతో లెక్క కట్టి చూడాలి, ఎందుకంటే రెండు పక్షాలూ ఈ లెక్కను వదిలేసి మాట్లాడుతున్నాయి. మామూలు ఇంటి ఫ్రిజ్‌లో ఐసోబ్యూటేన్ 40 నుంచి 70 గ్రాముల దాకా ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 150 గ్రాములు మించకూడదు. 50 గ్రాములు పూర్తిగా బయటికి వస్తే దాదాపు 20 లీటర్ల వాయువు అవుతుంది. గాలిలో ఇది సుమారు 1.8 శాతానికి చేరితేనే అంటుకుంటుంది. కిటికీ తెరిచిన వంటగదిలో అంతటా కలిసిపోతే ఆ స్థాయి దరిదాపుల్లోకి కూడా రాదు. అదే గ్యాస్ 190 లీటర్ల ఫ్రిజ్ లోపల, తలుపు మూసి ఉండగా నెమ్మదిగా పోగైతే ఆ స్థాయిని సులువుగా దాటుతుంది. గాలికంటే రెండింతలు బరువైనది కనుక నేల మీద, కంప్రెసర్ చుట్టూ కూడా నిలుస్తుంది. సరిగ్గా అక్కడే మెకానిక్ గొట్టం అతకడానికి మంట వెలిగిస్తాడు. తిరుపతిలో యాత్రికుల మీద ఆధారపడి బతికే చిన్న మెస్‌లలో, రెండు గదుల పోర్షన్లలో ఫ్రిజ్ పక్కనే స్టవ్ ఉండడం మామూలు కనుక ఈ జాగ్రత్త ఇక్కడ మరింత అవసరం.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఐసోబ్యూటేన్ మైనస్ 11.7 డిగ్రీల వద్ద మరుగుతుంది కనుక, ఫ్రీజర్ వైపు గొట్టాల్లో పీడనం తరచూ బయటి గాలి కంటే తక్కువగా ఉంటుంది. ఆ వైపు చిల్లి పడితే, యంత్రం నడుస్తున్నంతసేపూ బయటి గాలి, తేమ లోపలికి చేరతాయి. అలాంటప్పుడు కొద్దిగా గ్యాస్ పైన పట్టేస్తే సరిపోదు. అంతా ఖాళీ చేసి, చిల్లి పూడ్చి, తేమను పీల్చే ఫిల్టర్ డ్రయర్ మార్చి, కొత్త గ్యాస్‌ను గ్రాముల్లో తూచి పట్టాలి. వీడియోల్లో చూపించే డబ్బా, గొట్టం పద్ధతితో ఇవేవీ జరగవు. గ్యాస్ ఇంట్లో పట్టుకోవడం గురించి కంపెనీలు చెప్పే మాట అక్షరాలా నిజం, ఈ విషయంలో వాటితో వాదించడానికి ఏమీ లేదు.

ఇంటివాళ్ల చేతిలో జరిగే అసలైన కీడు మరొకటి ఉంది, దాన్ని రిపేరని ఎవరూ అనుకోరు కూడా. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన మంచును కత్తితోనో, స్క్రూడ్రైవర్‌తోనో గీకితే పలచని అల్యూమినియం పలకలోని గ్యాస్ దారికి చిల్లి పడుతుంది. ప్లగ్ తీసి, తలుపు తెరిచి, మంచు దానంతట అది కరిగేదాకా ఆగడమే దీనికి క్షేమమైన మార్గం. వారంటీ పుస్తకాల్లో ఈ హెచ్చరిక ఎక్కడో లోపలి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది. బయటివాళ్లు విప్పితే వారంటీ పోతుందన్న హెచ్చరిక మాత్రం మొదట్లోనే కనిపిస్తుంది.

ఇక్కడి నుంచే వివాదం దారి తప్పిందని నా అభిప్రాయం. మూసి ఉన్న గొట్టాల వ్యవస్థకు సంబంధించిన నిజమైన ప్రమాదాన్ని చూపించి, దానితో ఏ సంబంధమూ లేని భాగాలకు కూడా నిషేధాన్ని సాగదీశారు. తలుపు రబ్బరు, అతుకులు, అరలు, బల్బు, లోపలి నీరు బయటికి పోయే రంధ్రం, వెనక దుమ్ము పట్టిన కండెన్సర్, వీటిలో ఏ ఒక్కటీ గ్యాస్ దారిని తాకదు. కరెంటు తీసేసి చేస్తే పాత తరహా రిలే, థర్మోస్టాట్ మార్పిడి కూడా గ్యాస్ వైపు వెళ్లదు. కూరగాయల డబ్బా కింద నీళ్లు చేరడానికి తరచుగా కారణం పూడుకుపోయిన ఆ రంధ్రమే, గోరువెచ్చని నీళ్లు పోస్తే అది తెరుచుకుంటుంది. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగినప్పుడు తేలిగ్గా జారి వస్తే అక్కడ రబ్బరు పట్టు వదిలిందని ఎవరైనా తెలుసుకోవచ్చు. ఇవి చేసుకున్నందుకు కంప్రెసర్ వారంటీ ఎందుకు పోవాలి?

కంపెనీల వాదన కూడా చెప్పాలి. అవసరాన్ని బట్టి వేగం మార్చుకునే ఇన్వర్టర్ కంప్రెసర్‌ను నడిపే బోర్డులో 230 వోల్టుల కరెంటు 300 వోల్టులకు పైబడిన డీసీగా మారుతుంది. ప్లగ్ తీసిన తర్వాత కూడా కెపాసిటర్లలో అది కొంతసేపు నిలిచి షాక్ కొట్టగలదు. నాసిరకం విడిభాగాలు వాడితే కరెంటు ఖర్చు పెరిగి స్టార్ రేటింగ్ అర్థం కోల్పోతుంది. ఈ రెండూ సరైన మాటలే. బోర్డు జోలికి ఇంటివాళ్లు వెళ్లకూడదనడానికి మొదటిది చాలు. రెండోదానికి పరిష్కారం అసలైన విడిభాగాలను బజారులో దొరికేలా చేయడం.

మండే గ్యాస్‌ను వీధి మెకానిక్ చేతికి ఎలా ఇస్తామన్న ప్రశ్నకు కూడా చరిత్రలో జవాబుంది, దాన్ని ఇప్పుడు ఎవరూ ప్రస్తావించడం లేదు. ఆర్-12ను ఆపేసే దశలో జర్మనీ, స్విట్జర్లాండ్‌ల సాయంతో మన దేశంలో శిక్షణ కార్యక్రమాలు నడిచాయి. వేల మంది చిన్న మెకానిక్‌లకు వాటిలో గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా పట్టుకోవడం, వాక్యూమ్ చేయడం, పాత ఫ్రిజ్‌లలో ప్రొపేన్, ఐసోబ్యూటేన్ మిశ్రమాన్ని తూచి నింపడం నేర్పించారు. సరైన పనిముట్లు, శిక్షణ ఇస్తే సొంత దుకాణం ఉన్న మెకానిక్ ఈ గ్యాస్‌తో జాగ్రత్తగా పనిచేయగలడని అప్పుడే రుజువైంది. 2010లో ఆర్-12 వాడకానికి గడువు ముగియడంతో ఆ శ్రద్ధా సన్నగిల్లింది. ఐటీఐలలో రెండేళ్ల రిఫ్రిజిరేషన్ కోర్సు చదివి బయటికి వచ్చే కుర్రవాడికి కంపెనీ సర్వీస్ మాన్యువల్ మాత్రం నేటికీ సులువుగా అందదు.

అదే కాలంలో ఫ్రిజ్ నిర్మాణం కూడా మూసుకుపోయింది. వెనక జాలీ మాయమై కండెన్సర్ గొట్టం పక్కగోడల లోపలికి వెళ్లింది, దాని చుట్టూ ఫోమ్ నింపేశారు. ఆ ఫోమ్‌లో గొట్టానికి చిల్లి పడితే ఇంటివాడూ, మెకానిక్కే కాదు, కంపెనీ టెక్నీషియన్ కూడా విప్పి బాగుచేయలేడు. కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ అని ప్రకటనలో చదివి కొన్నవాళ్లకు, గ్యాస్, కూలి, బోర్డు ఆ పదేళ్లలోకి రావన్న సంగతి ఈ దశలోనే తెలుస్తుంది.

చట్టం వైపు కదలిక ఫ్రిజ్‌ల వల్ల రాలేదు. విడిభాగాలను బయట అమ్మకుండా బిగించారని 2014 ఆగస్టులో, మార్కెట్లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కుపై కమిటీ వేసి, వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, వాహనాలతో పాటు గృహోపకరణాలను కూడా అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ మొదలైంది. కంపెనీలు తమ వారంటీ, సర్వీస్ వివరాలను అందులో పెడుతున్నాయి. అయితే 2025లో వచ్చిన వస్తువు ఎంత సులువుగా బాగవుతుందో చెప్పే రిపేరు సూచికపై నివేదిక స్మార్ట్‌ఫోన్లు, టాబ్లెట్లకే ముందు వరస ఇచ్చింది. ఫ్రిజ్ మళ్లీ వెనక్కి వెళ్లింది.

ఐరోపా సమాఖ్య మాత్రం 2021 మార్చి నుంచి ఫ్రిజ్‌లకే ప్రత్యేకంగా నిబంధన అమలు చేస్తోంది. తలుపు రబ్బరు పదేళ్లు, పిడులు, అతుకులు, అరలు ఏడేళ్లు, మెకానిక్‌లకే కాక మామూలు కొనుగోలుదారులకు కూడా దొరకాలి. థర్మోస్టాట్లు, సెన్సర్లు, బోర్డులు వృత్తి మెకానిక్‌లకు ఏడేళ్లు అందాలి, వారు కంపెనీ ఉద్యోగులే కానక్కర లేదు. మోడల్ చివరి ఫ్రిజ్ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి ఈ గడువు లెక్క. ఎవరి చేయి ఎంతవరకు వెళ్లవచ్చో గీత గీసిన ఈ పద్ధతిలో ఇంటివాడి హక్కూ నిలిచింది, భద్రతా నిలిచింది. మన దగ్గర అలాంటి గీత లేకపోవడం వల్లే వెనక మూతకు పడిన స్క్రూడ్రైవర్ గీతలు చూసి వారంటీని తేల్చేస్తున్నారు.

తిరుపతి జిల్లా ఈ చర్చకు దూరంగా ఉండే స్థితి కూడా ఇప్పుడు లేదు. 2025 మేలో శ్రీసిటీలో సుమారు 5,000 కోట్ల రూపాయల ఎల్జీ గృహోపకరణాల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది, అక్కడ తయారయ్యే వాటిలో ఫ్రిజ్‌లు కూడా ఉంటాయని ప్రకటించారు. జిల్లాలో ఫ్రిజ్‌లు తయారయ్యే రోజున జిల్లా మెకానిక్‌కు శిక్షణ, ఇంటివాళ్లకు తలుపు రబ్బరు అందుబాటులో ఉండాలని కోరడం అత్యాశ కాదు. ఆ కోరికను పరిశ్రమల శాఖ ముందు పెట్టాల్సిన సమయం కూడా ఇదే.

అప్పటిదాకా వారంటీ నిరాకరణ ఎదురైనవారికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఆసరాగా ఉంది. అన్యాయమైన సేవాలోపంపై జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు, వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు. అంతకుముందే 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించుకోవచ్చు. ఎక్కడికి వెళ్లినా ఒక కాగితం అవసరం పడుతుంది. కాబట్టి టెక్నీషియన్ వెళ్లిపోయే ముందే, బయటివాళ్లు ఏ భాగాన్ని విప్పారో, ఇప్పుడు వచ్చిన లోపానికి అది ఎలా కారణమైందో చేసిన పని వివరాలు రాసే జాబ్ షీట్ మీద రాసి సంతకం చేసి ఇమ్మని అడగాలి.