సగం సిలిండరు వెనుక వందేళ్ల దారి

2015 చివర్లో ఖాట్మండులో గ్యాస్ బండ దొరికిన ఇల్లు అదృష్టం చేసుకున్నట్టే. దొరికిన ఆ బండ కూడా సగమే. మన వంటిళ్లలో ఉండే 14.2 కిలోల సిలిండరే అక్కడా వాడతారు. అందులో 7.1 కిలోలే నింపి, ఉన్నదాన్ని ఎక్కువ మందికి సర్దాలని ఇంధనం అమ్మే ప్రభుత్వ సంస్థ నేపాల్ ఆయిల్ నిగమ్ నిర్ణయించింది. బళ్లు సరి, బేసి నంబర్ల లెక్కన రోడ్డెక్కాయి. బస్సుల టాపుల మీద జనం. ఏప్రిల్ 25 నాటి భూకంపంలో ఇళ్లు పోగొట్టుకుని రేకుల కింద తలదాచుకున్నవాళ్ల మీదికి చలికాలం కూడా వచ్చిపడింది.

సెప్టెంబరు 20న అమల్లోకి వచ్చిన కొత్త రాజ్యాంగం తమకు అన్యాయం చేసిందంటూ భారత సరిహద్దును ఆనుకున్న తరాయి మైదానంలో ఉండే మధేసీలు ఆందోళనకు దిగారు. బిహార్‌లోని రక్సౌల్, నేపాల్‌లోని బీర్‌గంజ్ పట్టణాల మధ్య వంతెన మీద బైఠాయించారు. లారీలు ఆగిపోయాయి. నేపాల్ ఆరోపిస్తున్నట్టు తాము దిగ్బంధం విధించలేదని, భద్రత లేక డ్రైవర్లే వెళ్లడం లేదని భారత్ అంది. ఆందోళనకారులు లేని సరిహద్దుల్లోనూ రవాణా మందగించింది కనుక ఖాట్మండు ఆ మాట నమ్మలేదు. నమ్మడం కష్టం కూడా. 2016 ఫిబ్రవరి దాకా అదే పరిస్థితి.

ఒక వంతెన మూసుకుపోతే దేశం మొత్తానికి ఊపిరాడని స్థితి ఎలా వచ్చింది? దాని మూలాలు, 1951 దాకా వంశపారంపర్య ప్రధానులుగా నేపాల్‌ను ఏలిన రాణాల కాలంలో ఉన్నాయి. 1927లో రక్సౌల్ నుంచి అమ్లేఖ్‌గంజ్ దాకా చిన్న రైలు మార్గం పడింది. అక్కడి నుంచి భీమ్‌ఫేదీకి రోడ్డు, ఆపైన సరుకులకు రోప్‌వే. మనుషులు మాత్రం కొండలెక్కి నడవాల్సిందే. రాణాల మోటారు కార్లను వెదురు బొంగులకు కట్టి, పదుల సంఖ్యలో కూలీలు భుజాన మోసుకుంటూ ఖాట్మండు లోయలోకి దింపేవారు. నడవాల్సిన కారు మనుషుల మీద ఊరేగుతున్న ఆ పాత ఫొటోలు ఇప్పటికీ కనిపిస్తాయి. 1950లలో భారత్ త్రిభువన్ రాజపథ్ నిర్మించాక లారీలు నేరుగా రాజధాని చేరాయి. ఇంధనానికీ అదే దారి ఖాయమైంది. ఉత్తరాన హిమాలయాలు, సముద్రం కావాలంటే కోల్‌కతా దాకా పోవాలి. 1970లో ఆయిల్ నిగమ్ ఏర్పడింది. ఆ దశకం నుంచే సరఫరా అంతా ఇండియన్ ఆయిల్ చేతిలో ఉంది.

ఒకే దారిని నమ్ముకుంటే ఏమవుతుందో 1989లోనే తెలిసింది. చైనా నుంచి నేపాల్ ఆయుధాలు కొన్న తర్వాత వాణిజ్య, రవాణా ఒప్పందాల గడువు ముగిసింది. భారత్ రెండు సరిహద్దు మార్గాలే తెరిచి ఉంచింది. కిరోసిన్ కరవై జనం కట్టెల కోసం అడవుల మీద పడ్డారు. 1990లో పంచాయత్ వ్యవస్థ, అంటే పార్టీల్లేని రాజు పాలన, కూలడానికి ఆ కష్టాలూ తోడయ్యాయి. సంబంధాలు చక్కబడ్డాయి, పాఠం మరుగున పడింది.

2015లో చైనా 13 లక్షల లీటర్ల పెట్రోలు ఉచితంగా ఇచ్చింది. పెట్రోచైనాతో అవగాహన ఒప్పందం కుదిరిందని సంబరాలు జరిగాయి. కానీ చైనా నుంచి హిమాలయాల మీదుగా వచ్చే, కొండచరియలు విరిగిపడే ఆ దారిలో ఏటికేడాది ట్యాంకర్లు నడపడం అయ్యే పని కాదు. చివరికి జరిగింది వేరు. 2019 సెప్టెంబరులో బిహార్‌లోని మోతిహారి నుంచి అమ్లేఖ్‌గంజ్‌కు 69 కిలోమీటర్ల పైపులైను మొదలైంది. నాడు రైలు ఆగిన ఊళ్లోనే నేడు డీజిల్ దిగుతోంది. వంతెన మీద ఎవరు కూర్చున్నా పైపులో డీజిల్ ఆగదు, నిజమే. కానీ దాని వాల్వు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న మిగిలే ఉంది.

ఇంట్లో నీళ్లున్న దేశానికి ఈ గతేమిటన్నది అసలు చిక్కు. 1911లోనే ఫర్పింగ్‌లో 500 కిలోవాట్ల జల విద్యుత్ కేంద్రం వెలిగింది. తర్వాతి తరాలు ఆ దారిని సాగదీయలేదు. అరుణ్-3 జల విద్యుత్ ప్రాజెక్టు నుంచి ప్రపంచ బ్యాంకు 1995లో తప్పుకుంది. మన రాజాంలో పుట్టిన జీఎంఆర్ సంస్థకు 2008లో దక్కిన 900 మెగావాట్ల అప్పర్ కర్ణాలీ ప్రాజెక్టు గడువు మీద గడువుగా సాగుతూనే వచ్చింది. 2008-09 చలికాలంలోనైతే రోజుకు 16 గంటల పైగా కరెంటు కోతలు. 2016లో కుల్‌మాన్ ఘీసింగ్ ప్రభుత్వ కరెంటు సంస్థ విద్యుత్ ప్రాధికరణ పగ్గాలు చేపట్టాక, అప్పటిదాకా కొన్ని పరిశ్రమలకు రహస్యంగా అందుతున్న కరెంటును ఇళ్లకు మళ్లించి కోతలకు తెరదించారు. కొంత కరెంటు భారత్ నుంచి కొన్నారు కూడా.

2021లో 456 మెగావాట్ల అప్పర్ తామాకోశీ జల విద్యుత్ కేంద్రం వచ్చాక వానాకాలంలో కరెంటు మిగిలి, భారత్‌కు అమ్మే స్థితి వచ్చింది. కొత్తగా దిగుమతయ్యే కార్లలో ఎక్కువ శాతం బ్యాటరీవే. దిగ్బంధంలో ఇండక్షన్ పొయ్యి కొన్న ఇళ్లు దాన్ని అటకెక్కించలేదు. ఖజానాకు మాత్రం ఇందులో ఒక ఇబ్బంది ఉంది. పెట్రోలు తగ్గితే సుంకమూ తగ్గుతుంది.

చలికాలం నదులు సన్నబడగానే నేపాల్ మళ్లీ భారత్ నుంచే కరెంటు కొనుక్కుంటుంది. పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురి నుంచి తూర్పు నేపాల్‌లోని ఝాపాకు రెండో పైపులైను కోసం 2024లో ఒప్పందం జరిగింది. వంట గ్యాసు మాత్రం బుల్లెట్ అని పిలిచే ట్యాంకర్లలో రోడ్డు మీదే సరిహద్దు దాటుతోంది.