చలికాలంలో ఆర్వీ బస: అపోహలు - వాస్తవాలు

నేను అరిజోనాలో ఆర్వీల (లోపలే పడక, వంట వసతులున్న ప్రయాణ వాహనాల) మరమ్మతు పని చేస్తాను. డిసెంబరు సెలవుల్లో గ్రాండ్ కాన్యన్ చూడటానికి అద్దె ఆర్వీలో బయలుదేరే తెలుగు కుటుంబాలు నన్ను అడిగే సందేహాలు ఏటా దాదాపు ఒకటే కాబట్టి, వాటి వెనకున్న అపోహలను ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: ప్రొపేన్ గ్యాస్ నిండుగా ఉంటే రాత్రంతా వెచ్చగా పడుకోవచ్చు.

వాస్తవం: ఎక్కువమందిని తెల్లవారుజామున చలికి వణికించేది ఈ నమ్మకమే. ఫర్నేస్ (గదిని వెచ్చబరిచే హీటర్) మండేది గ్యాస్‌తోనే అయినా, వేడిని గదిలోకి నెట్టే ఫ్యాను బ్యాటరీ మీద తిరుగుతుంది. దానికి 8 ఆంపియర్లు పడుతుందనుకుంటే, 12 గంటల రాత్రిలో సగంసేపు తిరిగినా 48 ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో నిల్వ ఉండే విద్యుత్తు కొలత) ఖర్చవుతాయి. 100 ఆంపియర్ అవర్ల మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీలో, అది దెబ్బతినకుండా వాడుకోదగినది సగమే కాబట్టి, దీపాలు, నీటి పంపు లెక్కలోకి రాకముందే ఆ సగం అయిపోతుంది. వోల్టేజీ తగ్గి ఫ్యాను నెమ్మదించినప్పుడు, గాలి చాలడం లేదని లోపలున్న చిన్న స్విచ్ గుర్తించి, గ్యాస్ వాల్వును తెరుచుకోనివ్వదు. సిలిండర్ నిండుగా ఉన్నా ఫర్నేస్ వెలగకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. అది ప్రాణరక్షణ కోసం పెట్టిన ఏర్పాటు, దాన్ని దాటవేసే ప్రయత్నం ఎన్నడూ చేయవద్దు.

పగలు సోలార్ ప్యానెళ్లు ఆ లోటు తీరుస్తాయనుకోవడం కూడా పొరపాటే. డిసెంబరు మూడో వారంలో ఫీనిక్స్‌లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సుమారు 33 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కప్పు మీద బల్లపరుపుగా ఉన్న ప్యానెళ్ల మీద ఎండ ఏటవాలుగా పడుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలనైతే, వాటిలో హీటర్ లేనప్పుడు, 0 డిగ్రీల సెల్సియస్ కన్నా తక్కువ చలిలో ఛార్జ్ చేయకూడదు.

అపోహ: గాలి ఆడే వెంట్లన్నీ మూసి, వంట స్టవ్ వెలిగించి పెడితే చాలు.

వాస్తవం: దయచేసి ఈ పని చేయవద్దు. మూసిన గదిలో గ్యాస్ మండితే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పేరుకునే ప్రమాదం ఉంది. పైగా ఒక కిలో ప్రొపేన్ మండితే దాదాపు 1.6 కిలోల నీటి ఆవిరి పుడుతుంది. అది గోడలమీద, పరుపుల అడుగున చెమ్మగా దిగుతుంది. ఒక వెంటును రెండు వేళ్ల మేర తెరిచి ఉంచండి, బయలుదేరే ముందే కార్బన్ మోనాక్సైడ్ అలారాన్ని పరీక్షించండి.

అపోహ: అరిజోనా ఎడారి కాబట్టి నీళ్లు గడ్డకట్టవు.

వాస్తవం: ఎడారి ఊరు క్వార్ట్‌జ్‌సైట్ సుమారు 270 మీటర్ల ఎత్తులో ఉంటే, గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్ (దక్షిణపు అంచు) 2,100 మీటర్ల ఎత్తులో ఉంది, అంత ఎత్తున చలికాలపు రాత్రి నీళ్లు గడ్డకడతాయి. అక్కడి మేథర్ క్యాంప్‌గ్రౌండ్ చలికాలంలోనూ తెరిచే ఉంటుంది గానీ, కరెంటు కనెక్షన్లు ఉండవు. అవి కావలసినవారు పక్కనున్న ట్రైలర్ విలేజ్‌లో చోటు తీసుకోవాలి. అక్కడ కూడా రాత్రి నీటి గొట్టాన్ని విప్పేసి, ట్యాంకులో పట్టుకున్న నీటినే వాడుకోవడం మేలు.

అపోహ: ఉచిత స్థలంలో ఎన్నాళ్లయినా ఉండవచ్చు.

వాస్తవం: బీఎల్ఎం (అమెరికా ప్రభుత్వ భూ నిర్వహణ సంస్థ) భూముల్లో సాధారణంగా 28 రోజుల్లో 14 రోజులే అనుమతి. చలికాలమంతా ఉండాలంటే క్వార్ట్‌జ్‌సైట్ దగ్గరి లా పోసా వంటి దీర్ఘకాలిక స్థలాలు ఉన్నాయి. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు వాటికి రుసుము చెల్లించి పర్మిట్ తీసుకోవాలి. రహదారి పక్క విశ్రాంతి స్థలాల గడువు మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కనుక, ఆగిన చోట ఉన్న బోర్డు చదివాకే ఫర్నేస్ వెలిగించండి.