నాస్ బాక్స్ ఆగిపోతే డేటా పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

వైఫై రూటర్ పక్కన రెండు డిస్కులదో నాలుగు డిస్కులదో ఒక నాస్ బాక్స్ (అందరి ఫైళ్ళూ ఒకేచోట దాచుకోడానికి నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టె) ఉండటం ఇప్పుడు మామూలైపోయింది. పెళ్ళిళ్ళు షూట్ చేసే కుర్రాళ్ళ దగ్గర, అమెరికాలో పిల్లలున్న ఇళ్ళల్లో, చిన్న ఆడిటర్ ఆఫీసుల్లో ఎక్కడ చూసినా కనిపిస్తోంది. నా పని డేటా రికవరీ కాబట్టి అవి ఆగిపోయాకే నా దాకా వస్తాయి. ఫోన్ చేసినవాళ్ళని ముందు ఒకటే అడుగుతాను: "ఆగిపోయాక మీరేం చేశారు?" బాక్స్ పాడవడం వేరు, డిస్కు పాడవడం వేరు, డేటా పోవడం వేరు. మొదటి రెండూ వాటంతటవే జరుగుతాయి. మూడోది చాలాసార్లు ఆ తర్వాతి గంటలో, టెన్షన్‌లో, మన చేతుల మీదుగానే జరుగుతుంది.

అపోహ: బాక్స్ ఆన్ అవ్వట్లేదు, అంటే అంతా పోయింది

ముందు అడాప్టర్ చూడండి. చిన్న బాక్సుల్లో చాలావాటికి 12 వోల్టుల అడాప్టరే వస్తుంది. ఏళ్ళ తరబడి రాత్రింబవళ్ళు ఆన్‌లో ఉండేసరికి దాని లోపలి కెపాసిటర్లు నీరసపడతాయి. లైట్లు వెలుగుతాయి, డిస్కులు తిరగబోతాయి, అంతలో కరెంటు చాలక బాక్స్ రీస్టార్ట్ అవుతుంది, మళ్ళీ అదే వరస. డిస్కులు ఎక్కువ కరెంటు లాగేది తిరగడం మొదలుపెట్టేటప్పుడే మరి. అదే వోల్టేజీ, అంతకు తగ్గని ఆంపియర్లు, అదే పిన్ ఉన్న మంచి అడాప్టర్ పెడితే కొన్ని కేసులు అక్కడితో సరి. నాకు ఫీజు రాదు, అది వేరే సంగతి.

అడాప్టర్ బాగానే ఉంటే బోర్డు. ఇంటెల్ ఆటమ్ సీ2000 ప్రాసెసర్లలో క్లాక్ సిగ్నల్ కాలక్రమంలో దెబ్బతినే లోపం ఉందని 2017లో బయటపడింది. నాస్ బాక్సులు చేసే సైనాలజీ కంపెనీ డీఎస్415+, డీఎస్1515+, డీఎస్1815+ లాంటి మోడళ్ళలో ఉన్నది ఆ ప్రాసెసరే. బాక్స్ ఒకరోజు ఉన్నట్టుండి లేవదు. లోపల డిస్కులు మాత్రం నిక్షేపంగా ఉంటాయి.

ఇళ్ళల్లో వాడే ఈ బాక్సుల్లో చాలావరకు లోపల నడిచేది లినక్సే. రెయిడ్‌ని (కొన్ని డిస్కుల్ని కలిపి, ఒకటి పోయినా డేటా నిలిచేలా చేసే ఏర్పాటు) నడిపేది ఎండీఅడమ్ అనే మామూలు లినక్స్ ప్రోగ్రామ్, ఫైల్ సిస్టమ్ (ఫైళ్ళని డిస్కు మీద సర్దే పద్ధతి) ఈఎక్స్‌టీ4 గానీ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ గానీ. కాబట్టి డిస్కులు బాగుంటే ఉబుంటు అనే లినక్స్ ఉన్న కంప్యూటర్‌కి అన్నిటినీ తగిలించి, రీడ్ ఓన్లీగా తెరిచి ఫైళ్ళు కాపీ చేసుకోవచ్చు. సైనాలజీ వాళ్ళయితే ఈ పద్ధతిని వాళ్ళ సపోర్ట్ పేజీల్లోనే రాసిపెట్టారు. క్యూనాప్ అనే ఇంకో కంపెనీ కొత్త మోడళ్ళలో కొంత లోపలి మార్పు ఉంది, మామూలు ఉబుంటులో అంత తేలిగ్గా తెరుచుకోవు. మీ బాక్స్ ఏ కంపెనీదో ఆ కంపెనీదే ఇంకొకటి దొరికితే డిస్కులు అందులోకి మార్చడం ఇంకో దారి. అక్కడ అది "మైగ్రేట్" అని, "క్లీన్ ఇన్‌స్టాల్" అని అడుగుతుంది. రెండోది నొక్కితే మాత్రం ఇక చెప్పేదేం లేదు.

అపోహ: విండోస్‌కి తగిలిస్తే ఫార్మాట్ చేయమంటోంది, అంటే డిస్కు ఖాళీ అయిపోయింది

విండోస్‌కి ఈఎక్స్‌టీ4 చదవడం రాదు. తనకు అర్థం కానిదాన్ని "ఫార్మాట్ చెయ్యాలి" అంటుంది, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో "ఇనిషియలైజ్" అంటుంది. రెండింటికీ క్యాన్సిల్ కొట్టి డిస్కు తీసేయండి. ఎవరో బంధువుల అబ్బాయి "సాఫ్ట్‌వేర్ చేస్తాను అంకుల్, నేను చూస్తా" అని ఓకే కొట్టాక నా దాకా వచ్చిన కేసులు తక్కువేం కాదు.

అపోహ: ఎర్ర లైటు వచ్చిందంటే వెంటనే కొత్త డిస్కు వేసి రీబిల్డ్ పెట్టాలి

నేను ఎక్కువ డేటా పోగా చూసింది ఇక్కడే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నాలుగు డిస్కుల రెయిడ్ 5 అనుకోండి. ఒక డిస్కు పోయినా మిగతా మూడింటి నుంచి లెక్కగట్టి దాన్ని రాబట్టవచ్చు. అలా కొత్త డిస్కుని నింపడమే రీబిల్డ్. ఆ లెక్క తేలాలంటే మూడు డిస్కుల్నీ మొదటి సెక్టారు నుంచి చివరి సెక్టారు దాకా చదవాలి. సెకనుకు 150 ఎంబీ చొప్పున ఆగకుండా చదివినా 8 టీబీ డిస్కుకు దాదాపు 15 గంటలు. ఆ మూడూ ఎప్పుడు కొన్నవి? పోయినదానితో పాటే, అదే షాపులో, అదే రోజు. అదే వేడిలో, అదే కరెంటు మీద అన్నేళ్ళూ తిరిగాయి. వాటిలో ఇంకొకటి కూడా వయసైపోయి ఉంటే అది బయటపడేది సరిగ్గా ఈ 15 గంటల్లోనే. రెండో డిస్కు చేతులెత్తేసిందా, మొత్తం వాల్యూమ్ "క్రాష్డ్" అని చూపిస్తుంది.

రీబిల్డ్ తప్పని కాదు, రెయిడ్ ఉన్నదే అందుకు. ముందు ముఖ్యమైన ఫోల్డర్లు వేరే డిస్కులోకి కాపీ చేసుకోండి, రీబిల్డ్ ఆ తర్వాత. ఒక డిస్కు పోయినా బాక్స్ ఫైళ్ళు ఇస్తూనే ఉంటుంది, ఆ అవకాశం వాడుకోవాలి. వేసే కొత్త డిస్కు కూడా చూసి కొనండి. వెస్టర్న్ డిజిటల్ రెడ్ డిస్కుల్లో కొన్ని ఎస్ఎంఆర్ రకమని (ఒక ట్రాక్ అంచు మీద ఇంకో ట్రాక్ ఎక్కించి రాసేవి) 2020లో బయటపడి పెద్ద గొడవైంది. ఎస్ఎంఆర్ డిస్కులు రీబిల్డ్‌లో బాగా నెమ్మదిస్తాయి, ఒక్కోసారి మధ్యలోనే ఎర్రర్ ఇచ్చి రెయిడ్‌లోంచి బయటికొచ్చేస్తాయి.

"అన్నా, రెండు డిస్కులు ఒకేసారి పోయాయి" అంటుంటారు. ఒకేసారి పోవడం అరుదు. రెయిడ్‌లోని ప్రతి డిస్కు మీదా దాని లెక్క దానికి రాసి ఉంటుంది. ఎండీఅడమ్‌తో చూస్తే "ఈవెంట్స్" అని ఒక అంకె, చివరిసారి అప్‌డేట్ అయిన తేదీ కనిపిస్తాయి. రెయిడ్‌లో మార్పు జరిగేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. నాలుగు డిస్కుల మీద 48210, 48210, 48207, 31554 అని ఉన్నాయనుకోండి. నాలుగోది ఎప్పుడో వెనకబడిపోయింది. తేదీ చూస్తే ఫిబ్రవరి, మిగతా మూడింటి మీద జూలై. అంటే ఫిబ్రవరిలోనే ఒకటి పోయింది, బాక్స్ బీప్ బీప్‌మని మొత్తుకుంది, గోల భరించలేక ఎవరో బీప్ ఆపేశారు. జూలైలో మూడోది కూడా జారిపోయింది.

ఇప్పుడు కావాల్సింది మొదటి రెండూ, ఆ 48207 ఉన్నదీ. ఆ మూడింటి నకళ్ళు తీసి, నకళ్ళతో రెయిడ్ కూర్చితే డేటా దాదాపు మొత్తం వస్తుంది. అది తెలియక ఫిబ్రవరి డిస్కుని కలిపితే, ఐదు నెలల పాత ముక్కలు కొత్తవాటితో కలగాపులగం అయిపోతాయి. యూట్యూబ్ చూసి ఎండీఅడమ్‌లో "క్రియేట్" కమాండ్ కొట్టేవాళ్ళు ఇంకో రకం. అది పాత రెయిడ్‌ని తెరవదు, పాత లెక్కల మీద కొత్తవి రాసేస్తుంది. డిస్కుల వరస గానీ చంక్ సైజు (ఒక్కో డిస్కు మీద ఒక విడతలో రాసే ముక్క కొలత) గానీ తేడా వచ్చి, పైగా ఆ తప్పుడు లెక్కతో డిస్కుల మీద మళ్ళీ రాసే సింక్ కూడా మొదలైతే నేను కూడా చేసేదేం ఉండదు.

అపోహ: రెయిడ్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు?

రెయిడ్ కాపాడేది డిస్కు పోవడం నుంచి మాత్రమే. మీరు ఫోల్డర్ డిలీట్ చేస్తే డిస్కులన్నిటిలోనూ అదే క్షణంలో డిలీట్ అవుతుంది. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ మై బుక్ లైవ్ వాడేవాళ్ళు ఎంతోమంది పొద్దున లేచేసరికి వాళ్ళ ఫోల్డర్లు ఖాళీ. ఇంటర్నెట్‌కి తగిలించి ఉన్న ఆ పరికరాల్లోకి బయటివాళ్ళు దూరి ఫ్యాక్టరీ రీసెట్ చేసేశారు. వాటికి 2015 తర్వాత ఫర్మ్‌వేర్ అప్‌డేటే రాలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో క్యూలాకర్ అనే రాన్‌సమ్‌వేర్ క్యూనాప్ బాక్సుల్లో ఫైళ్ళని పాస్‌వర్డ్ ఉన్న 7-జిప్ ఫైళ్ళుగా మార్చి డబ్బు అడిగింది. డిస్కులన్నీ ఆకుపచ్చ లైటుతోనే ఉన్నాయి.

అపోహ: డిస్కు టక్ టక్‌మంటుంటే ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పని చేస్తుంది

ఈ మాట ఎక్కడ పుట్టిందో గానీ చావట్లేదు. ఫ్రిజ్‌లోంచి తీశాక, అందులోనూ మన విజయవాడ ఉక్కపోతలో, డిస్కు నిండా తేమ పడుతుంది. డేటా ఉండే తిరిగే పళ్ళేనికీ (ప్లాటర్), దాని మీద తేలుతూ చదివే హెడ్‌కీ మధ్య ఖాళీ కొన్ని నానోమీటర్లే. అక్కడ తేమ, దుమ్ము ఏది చేరినా గీతలే. గీసుకుపోయిన చోట ఉన్నది ఎవరూ తేలేరు. టక్ టక్ శబ్దం వస్తే కరెంటు తీసేయండి, అంతే. "ఇంకొక్కసారి ఆన్ చేసి చూద్దాం" వద్దు. గదిలో మూత విప్పడం కూడా ఇందులోకే వస్తుంది. పెద్ద కెపాసిటీ డిస్కుల్లో చాలావాటిలో గాలి కాదు, హీలియం ఉంటుంది. మూత విప్పితే అదీ పోతుంది.

అదే మోడల్ డిస్కు కొని, పాడైన డిస్కు సర్క్యూట్ బోర్డు మార్చేయొచ్చనేది పాతకాలం మాట. ఇప్పటి డిస్కుల్లో ఆ ఒక్క డిస్కుకే పనికొచ్చే సెట్టింగులు బోర్డు మీది చిప్‌లో ఉంటాయి. అవి కొత్త బోర్డులోకి మారకపోతే డిస్కు లేవదు.

అపోహ: స్మార్ట్ రిపోర్టులో "గుడ్" ఉంది, డిస్కు బాగున్నట్టే

స్మార్ట్ అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చుకునే రిపోర్టు. గూగుల్ 2007లో తన డిస్కుల మీద అధ్యయనం ప్రచురించింది. పాడైన డిస్కుల్లో సగానికి పైగా వాటిలో ముఖ్యమైన నాలుగు స్మార్ట్ హెచ్చరికల్లో ఒక్కటీ కనిపించలేదు. రిపోర్టు చెడ్డగా ఉంటే నమ్మండి, మంచిగా ఉంటే నమ్మకండి.

అపోహ: రికవరీ సాఫ్ట్‌వేర్ వేస్తే నేనే తీసుకోవచ్చు

డిస్కులు బాగుండి, ఫైళ్ళు మాత్రమే డిలీట్ అయితే నిజంగానే తీసుకోవచ్చు. ముందు బాక్సులో రీసైకిల్ బిన్, స్నాప్‌షాట్లు (ఫైళ్ళు ఒకప్పుడు ఎలా ఉన్నాయో బాక్స్ దాచిపెట్టుకున్నవి) ఉన్నాయేమో చూడండి, చాలామంది అది కూడా చూడరు. డిస్కే నీరసంగా ఉంటే మాత్రం సాఫ్ట్‌వేర్‌ని నేరుగా దాని మీద నడపకూడదు. చెడ్డ సెక్టారు దగ్గర ఆగి అక్కడే పదేపదే గీకుతుంది. మేం ముందు డీడీరెస్క్యూ లాంటిదానితో నకలు తీస్తాం. అది బాగున్న భాగాల్ని ముందు తీసుకుని, మొరాయించిన చోట్లని మ్యాప్‌లో రాసుకుని, వాటి దగ్గరికి చివర్లో వస్తుంది. ఆ తర్వాత పనంతా నకలు మీదే.

అపోహ: పెద్ద ల్యాబుకి పంపితే ఏదైనా వస్తుంది

డేటా మీద ఇంకో డేటా రాసేసిన చోట పాతది రాదు, ఏ ల్యాబైనా. ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డర్ కీ పోతే అదీ అంతే. ఈ రెండింటికీ "గ్యారంటీ" అనేవాళ్ళకి అడ్వాన్స్ ఇవ్వకండి. ముందు నకలు తీస్తారా, డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు, ఫైళ్ళ లిస్టు ముందే చూపిస్తారా అని అడగండి.

పంపేటప్పుడు బాక్సుతో సహా కొరియర్ చేయకండి, దారిలో డిస్కులు లోపలే ఊగుతాయి. ఏ డిస్కు ఏ బేలో (అరలో) ఉందో మార్కర్‌తో రాసి, ఒక్కోదాన్నీ యాంటీ స్టాటిక్ కవర్లో పెట్టి, విడివిడిగా బబుల్ ర్యాప్ చుట్టండి. ఫిబ్రవరిలో పోయిందని తీసి బీరువాలో పెట్టిన డిస్కు ఉంటే దాన్నీ పంపండి. జూలై డిస్కు మరీ పాడై ఉంటే, కనీసం ఫిబ్రవరి దాకా ఉన్న ఫైళ్ళలో కొన్ని దాన్నుంచి రాబట్టవచ్చు.