ఎడిటింగ్ పీసీ అంటే ముందు గ్రాఫిక్స్ కార్డేనా? అపోహలు - వాస్తవాలు

పీసీలు అసెంబుల్ చేయడం నా పని. ఎడిటింగ్ కోసం తక్కువ బడ్జెట్‌లో సిస్టమ్ కావాలని వచ్చేవాళ్ల చేతిలో ముందే ఒక లిస్ట్ ఉంటుంది. బడ్జెట్‌లో సగానికి పైగా గ్రాఫిక్స్ కార్డ్ తినేసి ఉంటుంది, మిగిలిన దాంట్లో ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, ఏదో ఒక ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) సర్దేసి ఉంటారు. ఎవరు చెప్పారండీ అంటే "వీడియోలో చూశాను" అంటారు. ఆ వీడియోలో ఆయన గేమ్ ఆడి చూపించాడు, ఎడిటింగ్ టైమ్‌లైన్ తెరిచిన పాపాన పోలేదు.

అపోహ: కార్డ్ ఎంత పెద్దదైతే ఎడిటింగ్ అంత స్మూత్.

మీ ఫోను, కెమెరా ఇచ్చే ఫైళ్లు ఎక్కువగా హెచ్.264 లేదా హెచ్.265, అంటే వీడియోని కుదించి దాచే ఫార్మాట్లు. వీటిలో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండదు. ఒకటి పూర్తిగా ఉంటే, తర్వాతి వాటిలో చాలావరకు మారిన భాగం మాత్రమే ఉంటుంది. ఊరికే చూస్తున్నప్పుడు వరుసగా ఆడుతుంది కాబట్టి బాధ లేదు. ఎడిటింగ్‌లో మీరు ప్లేహెడ్‌ని (ఏ ఫ్రేమ్ చూస్తున్నామో చూపే గీత) ఎక్కడో మధ్యలో పెడతారు, వెనక్కి లాగుతారు, ఆ ఒక్క ఫ్రేమ్ చూపించడానికి సిస్టమ్ వెనకాల ఉన్న పూర్తి ఫ్రేమ్ దాకా పోయి అక్కడి నుంచి ఒక్కొక్కటీ కట్టుకుంటూ రావాలి. ఈ పనికి గ్రాఫిక్స్ చిప్‌లో విడిగా డీకోడర్ అనే చిన్న భాగం ఉంటుంది. మీ ఫార్మాట్ దానికి తెలిస్తే సాఫీగా నడుస్తుంది, తెలియకపోతే భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. కార్డ్‌లో ఎన్ని వేల కోర్లు ఉన్నా ఇక్కడ ఖాళీగా కూర్చుంటాయి.

అసలు డబ్బులు పోయేది 10 బిట్ 4:2:2 దగ్గర, అంటే రంగుల వివరం ఎక్కువగా దాచే రికార్డింగ్. ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో చాలావాటిలో ఈ ఆప్షన్ ఉంది. హెచ్.265లో దీన్ని ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలోని ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ 11వ జనరేషన్ నుంచే డీకోడ్ చేస్తోంది. ఎన్విడియా కార్డుల్లో అది ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. అంటే అంతకుముందు సిరీస్‌లో ఎంత ఖరీదైన కార్డ్ కొన్నా ఈ ఒక్క పని చేయదు. ఇక మనవాళ్లు ఏం చేస్తారంటే, కార్డ్ ఎలాగూ ఉంది కదా అని కాస్త చవకగా వచ్చే 'ఎఫ్' ప్రాసెసర్ తీసుకుంటారు. ఇంటెల్ మోడల్ పేరు చివర ఎఫ్ ఉందంటే ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ లేనిదని. కాస్త మిగుల్చుకోబోయి, కావాల్సిన డీకోడర్‌నే వదిలేసుకున్నట్టు.

ఒక కుర్రాడు ఇలాగే కొత్త సిస్టమ్ మోసుకొచ్చాడు. పెద్ద కార్డ్, ఎఫ్ ప్రాసెసర్. తొలి పెద్ద ప్రాజెక్ట్ ఒప్పుకున్నాడు, డెడ్‌లైన్ దగ్గరపడింది, క్లిప్ ఆగి ఆగి ఆడుతోంది. కార్డ్ ఫాల్టీ అని ఒకరు, ఇంకా పెద్దది వేయమని ఇంకొకరు. కెమెరా అమ్మేద్దామా అన్నంత టెన్షన్‌లో ఉన్నాడు పాపం. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ కింద 'వీడియో డీకోడ్' గ్రాఫ్ చూపించాను. సున్నా. పక్కన ప్రాసెసర్ నూటికి నూరు. అదే మోడల్‌లో ఎఫ్ లేనిది మార్చి, బయోస్‌లో, అంటే మదర్‌బోర్డ్ సెట్టింగ్స్‌లో, ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఆన్ చేశాం (కార్డ్ పెట్టాక కొన్ని బోర్డుల్లో అది దానంతటదే ఆఫ్ అయిపోతుంది, ఇది ఎవరూ చెప్పరు). కార్డ్ ముట్టుకోలేదు.

కార్డ్ దండగ అనడం లేదు. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కలర్, నాయిస్ రిడక్షన్, బరువైన ఎఫెక్ట్స్ మీ రోజువారీ పని అయితే దానికి పెట్టండి, వీర్యామ్ (కార్డ్ సొంత మెమరీ) 8 జీబీకి తగ్గొద్దు. కటింగ్, టైటిల్స్, కొంచెం కలర్ అంతే అయితే ముందు మంచి ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్ రెండు స్టిక్కులుగా కొనండి, కార్డ్ తర్వాత వేసుకోవచ్చు.

మిగతావి గబగబా.

అపోహ: ఎక్కువ కోర్లున్న పాత సర్వర్ ప్రాసెసర్ జియాన్ చవకలో బంగారం. ఆ ఈ5 జియాన్లలో ఇన్‌బిల్ట్ గ్రాఫిక్సే లేదు, ఒక్కో కోర్ వేగమూ తక్కువ. వద్దు.

అపోహ: జెన్4 ఎన్‌వీఎంఈ (బాగా వేగమైన ఎస్‌ఎస్‌డీ) లేకపోతే 4కె ఆడదు. 100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) క్లిప్ అంటే సెకనుకు 12.5 ఎంబీ (మెగాబైట్లు). మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ 500 దాకా ఇస్తుంది. లెక్క మీరే చూసుకోండి.

అపోహ: 80 ప్లస్ గోల్డ్ ఉంటే ఎస్‌ఎంపీఎస్ మంచిదే. ఆ ముద్ర కరెంట్ ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్పేది మాత్రమే. లోపల భాగాలు ఎలాంటివో, ప్రొటెక్షన్లు పనిచేస్తాయో లేదో అది చెప్పదు. రివ్యూలు చదివి కొనండి.

అపోహ: ఫోన్ వీడియోలో ఆడియో తప్పుతోందంటే పీసీ స్లో. చాలాసార్లు ఫోన్ వేరియబుల్ ఫ్రేమ్ రేట్‌లో (సెకనుకు ఫ్రేముల సంఖ్య మారుతూ) తీయడం వల్ల. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టెంట్‌కి మార్చి టైమ్‌లైన్‌లో వేయండి.

ఇప్పటికే ఎఫ్ ప్రాసెసర్ కొనేసినవాళ్లు కంగారుపడి ఏదీ అమ్మకండి. ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికైన నకళ్లు, చేసుకోండి. ప్రీమియర్‌లోనూ రిజాల్వ్‌లోనూ ఆ సదుపాయం ఉంది. ఫార్మాట్‌గా ప్రోరెస్ ప్రాక్సీ గానీ డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్ ఎల్‌బీ గానీ ఎంచుకుని, రిజల్యూషన్ సగానికి దించి, రాత్రి పడుకునే ముందు పెట్టేయండి. వీటిలో ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉంటుంది కాబట్టి ప్లేహెడ్ ఎటు లాగినా వస్తుంది. డిస్క్‌లో కాస్త చోటు తింటాయి, ఎక్స్‌పోర్ట్‌కి మాత్రం అసలు ఫైళ్లే వెళ్లేలా చూసుకోండి. ప్రాజెక్ట్ డెలివరీ అయ్యాక ప్రాక్సీలు డిలీట్ చేసేయొచ్చు.