గేటు గీసిన గీత

మా గేటు గొళ్లెం సరిగ్గా కారు వెనక తలుపు ఎత్తులో ఉంటుంది. ఆ సంగతి నాకు రివర్స్ చేస్తున్నప్పుడు గర్రుమన్న చప్పుడుతో తెలిసింది. దిగి చూస్తే సిల్వర్ రంగు మీద జానెడు ఆకుపచ్చ గీత.

ఆకుపచ్చ ఎక్కడిది? గేటుది. ఇలా రాసుకుపోయినప్పుడు మన కారు రంగు పోయినదానికంటే అవతలి వస్తువు రంగు అంటుకున్నదే ఎక్కువగా కనిపిస్తుంది. గుడ్డకు కాస్త రబ్బింగ్ కాంపౌండ్ అద్ది రుద్దితే పచ్చదనమంతా వచ్చేసింది. కింద సన్నటి తెల్లగీత మిగిలింది.

దాని మీద నీళ్లు చల్లాను. ముప్పాతిక భాగం మాయమైంది, ఆరగానే మళ్లీ ప్రత్యక్షం! గీత గరుకు అంచుల మీద పడ్డ వెలుగు అన్ని వైపులకూ చెదిరిపోతుంది, అందుకే తెల్లగా కనిపిస్తుంది. నీళ్లు ఆ గాడిని నింపుతాయి. వెలుగు ఎంత వంగుతుందో చెప్పే అంకె, వక్రీభవన గుణకం, నీటికి 1.33, కారు పై పూతకు సుమారు 1.5. రెండూ దగ్గర దగ్గరే కాబట్టి వెలుగు పెద్దగా చెదరకుండా లోపలికి సాగిపోతుంది. తడిపితే మాయమయ్యే గీత పై పూతలోనే ఉన్నట్టు లెక్క. పాలిష్‌తో పోతుంది.

కారు ఒంటి మీద రంగు అంటే ఒక్క పూత కాదు. ఫ్యాక్టరీలో బాడీని తొట్టిలో ముంచి కరెంటుతో ఎక్కించే తుప్పు నిరోధక పూత మొదటిది. దాని మీద ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. అన్నీ కలిపినా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే ఒకటి రెండు నోటుబుక్కు కాగితాల మందం. అందులో అసలు రంగు 15, 20 మైక్రాన్లే. ఎండ దెబ్బ కాచేది క్లియర్ కోట్. రుద్దిన ప్రతిసారీ తరిగేదీ అదే.

నీళ్లకు లొంగని చోట గోరు పెడితే గాడిలో చిక్కుకుంది. లోపల బూడిద రంగు ప్రైమర్ కనిపించింది. తలుపు చట్రం మీది స్టిక్కర్‌లో ఉన్న కలర్ కోడ్ చూసి టచప్ సీసా కొన్నాను. బ్రష్‌తో అద్దాను. ఎదురుగా చూస్తే నల్లటి మచ్చ. పక్కకి జరిగి వంగి చూస్తే అదే మచ్చ చుట్టుపక్కల కంటే తెల్లగా ఉంది!

సీసాలో తప్పు లేదు. సిల్వర్ పెయింట్‌లో సన్నటి అల్యూమినియం రేకులుంటాయి. స్ప్రే గన్‌తో పలుచగా కొడితే ద్రావకం ఆవిరై పొర కుంచించుకుపోతూ రేకుల్ని పెంకుల్లా పడుకోబెడుతుంది. అప్పుడవి ఎదురుగా చూసేవాడికి చిన్న చిన్న అద్దాలు. బ్రష్‌తో మందంగా పెడితే అవి ఎటు పడితే అటు నిలబడిపోయి వెలుగును పక్కలకి పంపేస్తాయి. సరుకు అదే, కోడ్ అదే, రేకుల పడకే వేరు. పెయింటర్లకిది చేత్తో తెలిసిన విద్య: గన్ పొడిపొడిగా కొడితే సిల్వర్ లేతబడుతుంది, తడిగా కొడితే ముదురుతుంది.

ఇంకో చిక్కు దీపాలది. షెడ్డులో ట్యూబులైటు కింద అచ్చుగుద్దినట్టు కలిసిన రంగు ఎండలో బయటపడిపోవచ్చు. రెండు పెయింట్లలో వేర్వేరు రంగు పొడులు (పిగ్మెంట్లు) ఉన్నా ఒక దీపం కింద మన కంటికి ఒకేలా అనిపించవచ్చు. దీపం మారితే తేడా తేలుతుంది. శాస్త్రంలో దీని పేరు మెటామెరిజం. మ్యాచింగ్ సెంటర్‌లో జాకెట్టు గుడ్డను చీరతో సహా గుమ్మం బయటికి తెచ్చి చూసే ఆడవాళ్లకు ఈ పేరుతో పనిలేదు.

అందుకే మంచి పెయింటర్ గీత పడ్డ చోటే ఆగడు. రంగును పక్కకి పలుచబరుస్తూ పోతాడు, అవసరమైతే పక్క ప్యానెల్ దాకా. క్లియర్ కోట్ మాత్రం ప్యానెల్ అంచు వరకూ కొడతాడు. మన కన్ను అంచుల్ని ఇట్టే పట్టేస్తుంది, మెల్లగా మారే ఛాయను వదిలేస్తుంది. కన్ను అంచుల్ని ఎలా ఎక్కువచేసి చూపిస్తుందో 1865లోనే ఎర్నెస్ట్ మాఖ్ అనే భౌతిక శాస్త్రవేత్త రాశాడు. పెయింటర్ మన కంటి బలహీనత మీద పనిచేస్తాడన్నమాట, నిజానికి రంగు ఎక్కడా నూటికి నూరుపాళ్లు కలవదు.

పెద్దవాళ్లు ఇప్పటికీ 'డ్యూకో పెయింట్' అంటారు. అది 1920లలో డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన నైట్రోసెల్యులోజ్ లాకర్ అనే రకం పెయింట్ పేరు. దానికి థిన్నర్ తగిలితే పాత పూత కరిగి కొత్తదానితో కలిసిపోయేది. గట్టిపరిచే హార్డెనర్ కలిపి కొట్టే ఇప్పటి క్లియర్ కోట్ ఒకసారి గట్టిపడ్డాక అలా కరగదు. కొత్త పూత పట్టుకోవాలంటే వాటర్ పేపర్‌తో గరుకు చేయాల్సిందే. పైగా ఆ హార్డెనర్‌లో ఐసోసైనేట్లనే రసాయనాలుంటాయి. ఆ తుంపర పీలిస్తే ఆస్తమా రావచ్చు, గుడ్డ మాస్కు దాన్ని ఆపలేదు. ఇంటి వరండాలో స్ప్రే గన్ పట్టుకోవడం నాకైతే ఇష్టం లేదు.

నేను మచ్చను తుడిచేసి, అగ్గిపుల్ల మొనతో గాడిలో మాత్రం చుక్క చుక్కగా రంగు నింపి వదిలేశాను. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు కనిపిస్తుంది. గేటు గొళ్లేనికి పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టాను.